ఆఫీసు, షాపు, షెడ్డు: కరోనా రోజుల్లో పనిచోట జాగ్రత్తల గురించి పదే పదే అడిగే ప్రశ్నలు

2020లో లాక్‌డౌన్ సడలించి పనులు మొదలైనప్పుడు అడిగిన ప్రశ్నలే 2021 సెకండ్ వేవ్‌లోనూ అడిగారు, 2022 జనవరిలో ఒమిక్రాన్ వచ్చినప్పుడూ అడిగారు. 2025 మే, జూన్‌లలో కేసులు కాస్త పెరిగాయని వార్తల్లో రాగానే మళ్ళీ అవే ఫోన్లు. పదిమంది కూర్చునే అకౌంట్స్ ఆఫీసు నుంచి ఆటోనగర్‌లో రేకుల షెడ్డు దాకా ఎవర్ని కదిపినా అవే సందేహాలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. సేఫ్టీ ఆఫీసర్ అంటూ ఎవరూ లేకుండా ఓనరో మేనేజరో అన్నీ చూసుకునే చిన్న చోట్లను దృష్టిలో పెట్టుకుని రాశాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి వెళ్ళి చదువుకోండి, ఏ జవాబుకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. మనం గేటు దగ్గర చాలా హడావిడి చేస్తాం, లోపల గాలి సంగతీ జబ్బుపడ్డవాడి సెలవు సంగతీ వదిలేస్తాం. ఆ రెండూ సరిగ్గా ఉన్నచోట మిగతా జాగ్రత్తలు కాస్త అటూ ఇటూ అయినా పని నడిచిపోతుంది.

## కేసులు పెరుగుతున్నాయని తెలిసినప్పుడు

మా దగ్గర ఇంకా ఎవరికీ రాలేదు కదా, ఇప్పటినుంచే టెన్షన్ ఎందుకు?

ఈ వైరస్ పట్టుకున్న మనిషి తనకు జ్వరమో దగ్గో మొదలు కావడానికి రెండు రోజుల ముందునుంచే ఇతరులకు అంటించగలడు. కొందరికి అసలు లక్షణాలే ఉండవు. అంటే మొదటి కేసు మీ కంటపడేసరికి అది రెండు మూడు రోజులుగా మీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. 2020 మేలో చెన్నై కోయంబేడు మార్కెట్లో జరిగింది ఇదే. అది గుర్తించేలోపే అక్కడికి సరుకు తీసుకెళ్ళిన, తెచ్చుకున్న వాళ్ళ ద్వారా తమిళనాడు జిల్లాలకే కాకుండా మన చిత్తూరు, నెల్లూరు వైపు కూడా కేసులు పాకాయి. మొదటి కేసు కోసం ఎదురుచూడకుండా, మీ జిల్లాలో కేసులు పెరుగుతున్నాయనగానే కిటికీలు, మాస్కులు, సెలవుల నియమం సిద్ధం చేసుకోండి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

ఇది ముట్టుకుంటే వస్తుందా, గాలిలోనా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు

ప్రధానంగా గాలిలోనే. మాట్లాడినా, దగ్గినా, గట్టిగా ఊపిరి తీసి వదిలినా నోట్లోంచి సన్నటి తుంపర్లు వస్తాయి. పెద్దవి దగ్గర్లోనే కింద పడిపోతాయి, బాగా సన్నవి మాత్రం అగరుబత్తి పొగలాగా గదిలో తేలుతూ ఉంటాయి. తలుపులన్నీ వేసిన గదిలో అగరుబత్తి వెలిగిస్తే ఆ మూల కూర్చున్నవాడికీ వాసన తగులుతుంది, కిటికీ తీస్తే కాసేపటికి పోతుంది కదా, ఇదీ అంతే.

దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2020 మార్చిలో ఒక కాల్‌సెంటర్లో జరిగినది ఆఫీసులు నడిపేవాళ్ళందరూ తెలుసుకోవాలి. ఆ బిల్డింగులో పదకొండో అంతస్తులో పనిచేసే 216 మందిలో 94 మందికి సోకింది. వాళ్ళలో ఎక్కువమంది ఆ అంతస్తులో ఒకే వైపున కూర్చునేవాళ్ళు. లిఫ్టు, కింది లాబీ మిగతా అంతస్తులవాళ్ళూ వాడారు, కానీ బిల్డింగు మొత్తం కలిపి తేలిన 97 కేసుల్లో పదకొండో అంతస్తు బయట ఉన్నవి మూడే. లిఫ్టు బటన్ నొక్కినవాళ్ళకంటే ఆ హాల్లో గంటల తరబడి పక్కపక్కన కూర్చుని ఫోన్లలో మాట్లాడినవాళ్ళకే ప్రమాదం ఎక్కువైంది.

మాది చిన్న ఆఫీసు. ఉన్న కాస్త డబ్బు ముందు దేనికి పెట్టాలి?

ముందు ఎగ్జాస్ట్ ఫ్యాన్. దాని తర్వాత మంచి మాస్కులు. మిగిలితే జబ్బుపడ్డవాళ్ళ జీతం కోయకుండా ఉండటానికి పక్కన పెట్టండి. చేతులు కడుక్కోవడానికి సబ్బు, నీళ్ళు ఉంటే చాలు, బకెట్ల కొద్దీ శానిటైజర్ అక్కర్లేదు. అరగంటకోసారి బల్లలు తుడిపించడానికి మనిషిని పెట్టడం, డెస్కుల మధ్య ప్లాస్టిక్ తెరలు కట్టించడం లాంటివి ఖర్చుకు తగ్గ పని చేయవు. పైగా ఆ తెరలు గాలి కదలకుండా ఆపేస్తాయి.

గేటు దగ్గర టెంపరేచర్ గన్ పెట్టాం, సరిపోదా?

సరిపోదు. ఆ గన్ చర్మం వేడిని మాత్రమే కొలుస్తుంది. మే నెల ఎండలో బండి మీద వచ్చినవాడి నుదురు వేడిగా చూపిస్తుంది, ఏసీ కారు దిగినవాడిది చల్లగా చూపిస్తుంది. చాలాచోట్ల సెక్యూరిటీ అతను దాన్ని మణికట్టు దగ్గర పెట్టి, అంకె చూడకుండానే పొమ్మంటాడు. పొద్దున్నే డోలో వేసుకుని వచ్చినవాడిని అది ఎలాగూ పట్టుకోలేదు, జ్వరం రాకముందే అంటించేవాడి సంగతి సరేసరి. ఉన్నది తీసేయమనను కానీ, గేటు దగ్గర "రాత్రినుంచి ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా" అని ఆప్యాయంగా అడిగే మనిషి ఒకరుంటే దానికంటే ఎక్కువ సంగతులు బయటికొస్తాయి. నిజం చెబితే జీతం పోదని ఆ ఉద్యోగికి తెలిసి ఉండాలి, అంతే.

మందు చల్లే టన్నెల్ పెడితే అందరికీ ధైర్యంగా ఉంటుందంటున్నారు. పెట్టించాలా?

వద్దు. మనుషుల మీద క్రిమిసంహారకాలు చల్లొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆ మేలో అదే చెప్పింది. అందులో చల్లే హైపోక్లోరైట్ అనే బ్లీచింగ్ మందు పడితే కళ్ళు మండుతాయి, చర్మం, గొంతు దెబ్బతింటాయి. ఊపిరితిత్తుల్లో ఉన్న వైరస్‌ను బట్టల మీద చల్లే మందు ఏమీ చేయలేదు.

## రోజూ పని నడుస్తుండగా

ఏసీ వేసుకోవచ్చా, వేసుకోకూడదా?

వేసుకోవచ్చు, కానీ మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదని గుర్తుపెట్టుకోండి. గదిలో ఉన్న గాలినే పీల్చి చల్లబరిచి మళ్ళీ వదులుతుంది. కాబట్టి ఏసీతోపాటు ఒక కిటికీ రెండు మూడు అంగుళాలైనా తీసి ఉంచండి, అవతలి గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడవనివ్వండి. 2020 జూన్‌లో ఆఫీసులకు ఇచ్చిన నిబంధనల్లో కేంద్ర ఆరోగ్యశాఖ ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉంచి, బయటి గాలి వీలైనంత రానివ్వమంది. కరెంటు బిల్లు పెరుగుతుంది, నిజమే. నలుగురు ఒకేసారి మంచాన పడితే ఆగిపోయే పనితో పోల్చి చూసుకోండి.

ఇంకో సంగతి. మీ గదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందా అని అడిగితే చాలామంది ఉందనే అంటారు. వెళ్ళి తలెత్తి చూడండి. ఏసీ పెట్టించినప్పుడు చల్లదనం బయటికి పోతోందని ఆ కంతకు అట్టముక్క పెట్టి, చుట్టూ బ్రౌన్ టేపు వేసి ఉంటుంది. టేపు అంచులు దుమ్ముతో నల్లబడి, రెక్కలకు సాలెగూడు పట్టి, స్విచ్చు ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు. ముందు ఆ అట్ట పీకించండి.

మాది అద్దాల బిల్డింగు, కిటికీలు తెరుచుకోవు. ఏం చేయాలి?

బిల్డింగు మెయింటెనెన్స్ వాళ్ళను రెండు విషయాలు అడగండి: బయటి గాలి తీసుకునే డ్యాంపర్లు (గాలి దారికి ఉండే రెక్కల మూతలు) ఎంతవరకు తెరిచారు, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు. సెంట్రల్ ఏసీలో కరెంటు ఆదా కోసం బయటి గాలిని బాగా తగ్గించి నడపడం మామూలే, పూర్తిగా తెరిపించండి. ఉద్యోగులు రాకముందు కాసేపు, వెళ్ళాక కాసేపు నడిపించండి. అప్పటికీ చాలదనిపిస్తే హెపా ఫిల్టరున్న (బాగా సన్నటి కణాల్ని కూడా పట్టేసే) ఎయిర్ ప్యూరిఫయర్లు పెట్టొచ్చు, గది సైజుకు తగ్గవి కొనాలి. అయానైజర్, ప్లాస్మా అంటూ పేర్లు చెప్పి అమ్మేవాటి జోలికి పోవద్దు, ఫిల్టరు ఉన్న మామూలు మిషన్ చాలు. మనుషుల్ని బ్యాచీలుగా పిలిచి సగం మందినే లోపల ఉంచడం అన్నిటికంటే తేలిక.

గదిలో గాలి సరిపోతోందని ఎలా తెలుసుకోవాలి?

బయటినుంచి లోపలికి వచ్చిన మొదటి నిమిషంలో మీ ముక్కే చెబుతుంది. ముక్కిపోయిన వాసన, చెమట వాసన, ఉక్క తగిలితే గాలి మారట్లేదు. అంకె కావాలంటే కార్బన్ డయాక్సైడ్ మీటరు కొనండి, ఎన్‌డీఐఆర్ సెన్సరు (ఇన్‌ఫ్రారెడ్ కాంతితో ఆ వాయువును కొలిచేది) ఉన్నది తీసుకోండి. ఆరుబయట అది దాదాపు 420 పీపీఎం (గాలిలో పదిలక్షల వంతుల్లో ఎన్ని వంతులో) చూపిస్తుంది. మనుషులు నిండిన గదిలో 800 లోపు ఉంటే బాగున్నట్టు. 1500 దాటిందంటే ఒకరు వదిలిన ఊపిరి ఇంకొకరు పీలుస్తున్నట్టే లెక్క, వెంటనే తలుపులు తీయాలి. అందరికీ కనిపించేలా బల్లమీద పెడితే ఎవరూ చెప్పకుండానే జనం లేచి కిటికీ తీస్తారు.

ఏ మాస్కు మంచిది? గుడ్డది చాలా?

ఎన్95 అన్నిటికంటే మంచిది, సర్జికల్ మాస్కు దాని తర్వాత, ఒంటిపొర గుడ్డమాస్కు చివర. కానీ ఎన్95 అయినా ముక్కు పక్కన, బుగ్గల దగ్గర సందులుంటే లాభం లేదు, పైనున్న తీగను ముక్కుకు గట్టిగా నొక్కుకోవాలి. కవాటం ఉన్న ఎన్95 వద్దు, మీరు వదిలే గాలిని అది వడకట్టకుండా బయటికి పంపేస్తుంది. కేంద్రం 2020 జూలైలో వాటిని వాడొద్దంది. ఎన్95ను ఉతకకూడదు. నాలుగైదు పెట్టుకుని, ఒక్కోటీ వాడాక కాగితం కవర్లో వేసి నాలుగైదు రోజులు ఆరనిచ్చి మళ్ళీ వాడుకోవచ్చు, తడిసినా పట్టీ వదులైనా పారేయండి.

మాస్కు పనిచేస్తుందా అని అనుమానపడేవాళ్ళకు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 2020 మేలో ఒక సెలూన్లో జరిగినది చెబుతుంటాను. జుట్టు కత్తిరించే ఇద్దరికి కరోనా ఉంది, వాళ్ళు మాస్కులతోనే 139 మందికి పనిచేశారు. ఆ కస్టమర్లలో ఒక్కరికీ లక్షణాలు రాలేదు, టెస్టు చేయించుకున్న 67 మందికీ నెగెటివే. ఆ ఇద్దరు మాత్రం కస్టమర్లు లేని సమయంలో మాస్కు తీసి మాట్లాడుకునేవాళ్ళు.

ఎండాకాలం, మిషన్ దగ్గర నిలబడి పని. మాస్కుతో ఊపిరాడట్లేదంటున్నారు, ఎలా?

వాళ్ళు చెప్పేది నిజం, కసురుకోవద్దు. రేకుల షెడ్డులో మే నెలలో ఎనిమిది గంటలు మాస్కు ఉంచుకోవడం చాలా కష్టం. గంటన్నరకోసారి పది నిమిషాలు బయట చెట్టుకిందకు పంపండి, అక్కడ మాస్కు తీసి మంచినీళ్ళు తాగనివ్వండి. చెమటకు తడిసిన మాస్కు ఊపిరి ఆడనివ్వదు కాబట్టి మధ్యాహ్నానికి రెండోది ఇవ్వాలి, దాని ఖర్చు కూలివాళ్ళ మీద వేయకూడదు. షెడ్డుకు రెండువైపులా షట్టర్లు తీసి గాలి బాగా కొడుతుంటే, మిషన్ దగ్గర ఒక్కడే ఉంటే, మాస్కు విషయంలో కాస్త పట్టువిడుపు చూపించొచ్చు. పెడెస్టల్ ఫ్యాన్‌ను ఒకరి మీదుగా ఇంకొకరి ముఖానికి కొట్టేలా పెట్టకండి, గాలిని షట్టరు వైపు తోసేలా తిప్పండి.

పొద్దుట్నుంచి మాస్కులు పెట్టుకునే ఉన్నాం, అయినా నలుగురికి ఎలా వచ్చింది?

మీ భోజనాల గది చూడండి. చాలా ఆఫీసుల్లో అది వెనకాల మిగిలిపోయిన చిన్న గది. కిటికీ ఉండదు, ఉంటే దాని ముందు పాత ఫైళ్ళ బీరువా ఉంటుంది. ఒకటిన్నరకు ఎనిమిదిమంది భుజాలు తగిలేలా కూర్చుని క్యారేజీలు విప్పుతారు, ఒకరి గోంగూర పచ్చడి అందరి ప్లేట్లలోకి వెళుతుంది, సీరియల్ కబుర్లు, నవ్వులు, ముప్పావుగంట. మాస్కులన్నీ జేబుల్లో. పొద్దుట్నుంచి పడ్డ జాగ్రత్త అంతా ఆ ముప్పావుగంటలో పోతుంది.

కలిసి తినొద్దని చెప్పడం నాకూ ఇష్టం లేదు, రోజు మొత్తంలో మనుషులు మనుషుల్లా ఉండేది అప్పుడే. అందుకే తినే చోటు మార్చమంటాను. డాబా మీద షామియానా వేసి నాలుగు బల్లలు పెడితే ఖర్చు తక్కువ. అది కుదరకపోతే ముగ్గురు నలుగురు చొప్పున వేర్వేరు టైముల్లో తినాలి, రోజూ అదే జట్టు ఉండాలి. పచ్చడి పంచుకోవచ్చు, విడి స్పూను పెడితే చాలు. టీ టైముకూ ఇదే వర్తిస్తుంది.

మిషన్ల హోరులో అరిస్తే గానీ వినపడదు, దూరం ఎలా పాటించాలి?

అరిచినప్పుడు మామూలు మాటకంటే చాలా ఎక్కువ తుంపర్లు వస్తాయి, పైగా చెవి దగ్గరికి వచ్చి అరుస్తారు. షిఫ్టు మొదట్లో చెప్పాల్సినవన్నీ బయట, మిషన్లు వేయకముందు చెప్పేయండి. లోపల చేతిసైగలు, బోర్డు మీద రాయడం, ఫోన్లో మెసేజ్. కొన్నాళ్ళకు అందరికీ అలవాటైపోతుంది, గొంతులూ బాగుపడతాయి.

మాది రొయ్యల ప్లాంటు, లోపలంతా చలి. వేరే జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి. చల్లటి గదిలో అదే గాలి తిరుగుతూ ఉంటుంది, తాజా గాలి చాలా తక్కువ వస్తుంది, వైరస్ కూడా చలిలో ఎక్కువసేపు నిలుస్తుంది. జర్మనీలో 2020లో ఒక మాంసం కర్మాగారంలో ఇలాంటి చోటే ఎనిమిది మీటర్లకు పైగా దూరంలో ఉన్నవాళ్ళకు కూడా సోకినట్టు పరిశోధకులు తేల్చారు. కాబట్టి అక్కడ ఆరడుగుల దూరం మీద భరోసా పెట్టుకోవద్దు. భీమవరం, నెల్లూరు వైపు ప్లాంట్లలో పీలింగ్ బల్లల దగ్గర ఎక్కువగా ఆడవాళ్ళు ఎదురెదురుగా గంటలకొద్దీ నిలబడతారు. వాళ్ళకు ఎన్95లు ఇవ్వాలి, తడిసేకొద్దీ మార్చాలి, బల్లల వరసలు జట్లుగా విడగొట్టాలి. వాళ్ళు వచ్చే వ్యానూ, ఉండే హాస్టలు గదులూ కూడా పనిచోటు కిందే లెక్క.

బయోమెట్రిక్ వాడొచ్చా?

వాడినా కొంపేమీ మునగదు, వేలు పెట్టాక చేతులు కడుక్కుంటే చాలు. 2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో దాన్ని ఆపారు కానీ అప్పటికి దీని గురించి తెలిసింది తక్కువ. తొమ్మిదింటికి మిషన్ ముందు పాతికమంది గుమిగూడటమే సమస్య. పావుగంట తేడాతో షిఫ్టులు పెట్టండి లేదా పుస్తకంలో రాయించండి.

రోజూ బ్లీచింగ్‌తో కడిగించాలా? ఎంత కలపాలి?

రోజుకోసారి మామూలుగా తుడిస్తే చాలు. ఉపరితలాల ద్వారా సోకే అవకాశం చాలా తక్కువని, వైరస్ ఉన్న వస్తువును ముట్టుకున్నా పదివేలలో ఒకటి కంటే తక్కువని 2021 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పింది. బాత్‌రూములు, తలుపు పిడులు, పాజిటివ్ వచ్చినవాళ్ళు కూర్చున్న చోటు వరకు ఒక శాతం క్లోరిన్ ద్రావణం వాడండి. 30 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరైతే లీటరు నీళ్ళకు 33 గ్రాములు కలపాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, పాతది పనిచేయదు. ఇనుప వస్తువుల మీద వాడితే పది నిమిషాలయ్యాక మంచినీళ్ళతో తుడవండి, లేకపోతే తుప్పు పడుతుంది. కీబోర్డులు, ఫోన్లకు 70 శాతం ఆల్కహాల్ గుడ్డకు రాసి తుడవాలి.

బ్లీచింగ్‌ను బాత్‌రూమ్ యాసిడ్‌తో ఎట్టిపరిస్థితుల్లోనూ కలపొద్దు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, చిన్న బాత్‌రూములో అది ప్రాణం మీదికి తెస్తుంది. మీ దగ్గర శుభ్రం చేసే ఆవిడకు ఈ ముక్క మీరే స్వయంగా చెప్పండి, ఆవిడకు గ్లవుజులు కూడా కొనివ్వండి.

కంపెనీ క్యాబ్, షేర్ ఆటో సంగతేంటి?

గంటసేపు అద్దాలెత్తిన కారులో ఐదుగురు కూర్చోవడం చాలా ప్రమాదం. అద్దాలు ఎదురెదురుగా కొంచెం దించాలి, మాస్కు తీయకూడదు, ఫోన్లలో గట్టిగా మాట్లాడకూడదు. ఏసీ వేస్తే బయటి గాలి తీసుకునే మోడ్‌లో పెట్టమనండి. రోజూ అదే బండిలో అదే మనుషులు ఉండేలా చూస్తే, ఎవరికైనా వచ్చినప్పుడు ఎవరికి చెప్పాలో వెంటనే తెలుస్తుంది. షేర్ ఆటోకు అద్దాలుండవు కాబట్టి గాలి సమస్య లేదు, ఇరుక్కుని కూర్చోవడమే సమస్య.

పొద్దున్నే అందరికీ కషాయం ఇస్తున్నాం. అది తాగితే రాదు కదా?

గొంతుకు హాయిగా ఉంటుంది, ఇవ్వండి. వైరస్‌ను మాత్రం ఆపదు. కషాయం తాగాం కదా అని కిటికీ మూసేస్తేనే నష్టం.

## ఎవరికైనా ఒంట్లో బాగోలేనప్పుడు

గొంతు గరగర తప్ప ఏమీ లేదు, పనిలోకి వెళ్ళొచ్చా?

కేసులు ఎక్కువగా ఉన్న రోజుల్లో వెళ్ళొద్దు. ఒమిక్రాన్ వచ్చాక చాలామందికి మొదట కనపడింది గొంతు గరగర, ముక్కు కారడమే, జ్వరం తర్వాత వచ్చింది, కొందరికి రాలేదు. లక్షణాలు మొదలైన తొలి రెండు మూడు రోజుల్లోనే ఇతరులకు ఎక్కువగా అంటుతుంది. ఫోన్ చేసి చెప్పి ఇంట్లో ఉండి టెస్టు చేయించుకోండి.

రోజుకూలి మనుషులం. ఇంట్లో కూర్చుంటే తిండెవరు పెడతారు?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఓనర్లు. ఇంత పెద్ద కాగితంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. జ్వరం వస్తే కూలి పోతుందంటే ఏ మనిషైనా మాత్ర వేసుకుని పనిలోకే వస్తాడు, అతన్ని తప్పుపట్టడానికి మనకు నోరు రాకూడదు. అతని రెండు మూడు రోజుల కూలి ఎంతో, అతని వల్ల మరో ఐదుగురు పడిపోతే ఆగే ఆర్డరు ఎంతో ఏ ఓనరైనా లెక్క వేసుకోగలడు.

ఈఎస్ఐ (ఉద్యోగుల కోసం ప్రభుత్వం నడిపే బీమా) ఉన్నవాళ్ళకు కొంత ఆసరా ఉంది. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కడుతున్నవాళ్ళకు, అవసరమైన రోజులు చందా కట్టి ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం సిక్‌నెస్ బెనిఫిట్ వస్తుంది. కానీ మామూలుగా జబ్బు మొదటి రెండు రోజులకు అది రాదు. మనిషి దాచుకుని పనిలోకి వచ్చే రోజులు, ఎక్కువమందికి అంటించే రోజులు సరిగ్గా ఆ రెండే. ఆ రెండు రోజుల కూలి మీరు ఇవ్వండి. సర్టిఫికెట్ అడక్కుండా ఇవ్వండి. ఒకరిద్దరు అబద్ధం చెప్పి తీసుకుంటారేమో, తీసుకోనివ్వండి. ఇస్తామని నోటిమాటగా చెబితే నమ్మరు, హాజరు పుస్తకం పక్కన కాగితం మీద రాసి అంటించండి. మేస్త్రీ కింద వచ్చే కాంట్రాక్టు మనుషులకూ ఇది వర్తిస్తుందని అందులోనే రాయండి.

ర్యాపిడ్ టెస్టులో నెగెటివ్ వచ్చింది, ఇక రావచ్చు కదా?

లక్షణాలుంటే అప్పుడే రావొద్దు. ర్యాపిడ్ టెస్టులో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు, నెగెటివ్‌ను మాత్రం అంత తేలిగ్గా నమ్మలేం, ముఖ్యంగా మొదటి రోజు చేస్తే. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ కూడా లక్షణాలుండి ర్యాపిడ్ నెగెటివ్ వస్తే ల్యాబులో చేసే ఆర్‌టీపీసీఆర్ టెస్టు చేయించమనే చెప్పింది. అది వీలుకాకపోతే ఒకటి రెండు రోజులాగి మళ్ళీ ర్యాపిడ్ చేసుకోండి.

ఒకరికి పాజిటివ్ వచ్చింది. ఆఫీసు మూసేయాలా? ఎవరెవరికి చెప్పాలి?

ఒకరిద్దరికి వస్తే మూయక్కర్లేదు. ఆ మనిషి గత 48 గంటల్లో తిరిగిన చోట్లు శుభ్రం చేస్తే చాలని 2020 నిబంధనల్లోనే ఉంది. కిటికీలన్నీ బార్లా తీసి కొన్ని గంటలు గాలాడనివ్వండి. ఒకే గదిలో వరసగా ముగ్గురు నలుగురికి వస్తే మాత్రం ఆ గది ఆపి, గాలి ఎందుకు మారట్లేదో చూసుకోవాలి.

లక్షణాలు మొదలవడానికి రెండు రోజుల ముందునుంచి అతనితో కలిసి తిన్నవాళ్ళు, ఒకే గదిలో ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళు, ఒకే బండిలో వచ్చినవాళ్ళు, వీళ్ళందరికీ అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. పేరు చెప్పాల్సిన పని లేదు, "మీ సెక్షన్లో ఒకరికి వచ్చింది" అంటే చాలు. వాట్సాప్ గ్రూపులో పేరు పెట్టకండి. 2020లో పేర్లు బయటపడ్డవాళ్ళకు అద్దె ఇళ్ళు ఖాళీ చేయమని చెప్పిన సందర్భాలు మనందరికీ తెలుసు. ఒకరికి అలా జరిగితే రెండోవాడు నోరు విప్పడు.

ఇంట్లో ఉన్న ఉద్యోగి గురించి మేం ఏం చూసుకోవాలి?

రోజుకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేయండి, పని గురించి కాకుండా ఒంట్లో ఎలా ఉందో అడగడానికి. ఆఫీసు తరఫున ఒక ఆక్సిమీటరు (వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే మీటరు) కొని ఉంచి, జబ్బుపడ్డవాళ్ళ ఇంటికి పంపుతూ ఉంటే చాలా ఉపయోగం. ఆక్సిజన్ 94 కంటే తగ్గినా, ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, 100 డిగ్రీలు దాటిన జ్వరం మూడు రోజులైనా దిగకపోయినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే అసలు ఆలస్యం చేయొద్దు, 108కి ఫోన్ చేయండి.

## తిరిగి పనిలోకి వచ్చేటప్పుడు

ఎన్ని రోజులకు రానివ్వాలి? నెగెటివ్ రిపోర్టు తెమ్మనాలా?

2022 జనవరిలో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం పాజిటివ్ వచ్చి కనీసం ఏడు రోజులు గడవాలి, చివరి మూడు రోజులు వరసగా జ్వరం లేకుండా ఉండాలి. ఆ తర్వాత మళ్ళీ టెస్టు అవసరం లేదని కూడా అందులోనే ఉంది. ఆర్‌టీపీసీఆర్‌లో కొందరికి కోలుకున్న వారాల తర్వాత కూడా పాజిటివ్ వస్తుంది, అది అంటించగలిగే వైరస్ ఉందని అర్థం కాదు. రిపోర్టు కోసం పట్టుబడితే బాగైన మనిషి జీతం లేకుండా ఇంట్లో కూర్చోవాల్సి వస్తుంది. పదో రోజు దాకా మాస్కు తీయకుండా, విడిగా తినమంటే సరిపోతుంది.

వచ్చాడు కానీ మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. నటిస్తున్నాడంటారా?

అనను. కరోనా తగ్గాక వారాలు, కొందరికి నెలలు అలసట ఉండటం చాలా దేశాల్లో నమోదైంది. బరువులెత్తే పని కొన్నాళ్ళు తప్పించి కూర్చుని చేసే పనివ్వండి, పూట చొప్పున మొదలుపెట్టించండి. తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోమనండి, ఆ రోజు జీతం కోయకండి.

అతని పక్కన కూర్చోవడానికి మిగతావాళ్ళు ఒప్పుకోవట్లేదు

మేనేజరు వెళ్ళి అతని పక్కన కూర్చుని టీ తాగితే సగం భయం పోతుంది. కోలుకుని గడువు దాటి వచ్చినవాడికంటే, ఈ రోజు పొద్దున్నే దగ్గుతూ వచ్చినవాడివల్లే ప్రమాదం ఎక్కువని అందరిముందూ చెప్పండి.

## నెలలు గడిచి అందరికీ విసుగొచ్చాక

టీకాలు వేయించుకున్నాం, ఇంకా ఇవన్నీ ఎందుకు?

టీకా ప్రధానంగా చేసేది జబ్బు ముదిరి ఆసుపత్రి పాలు కాకుండా, ప్రాణం పోకుండా చూడటం. ఆ పని అది బాగా చేసింది. సోకకుండా ఆపే శక్తి మాత్రం కొన్ని నెలలకు తగ్గుతుంది, ఒమిక్రాన్ విషయంలో మరీ తగ్గింది. మీ దగ్గర అరవై దాటిన వాచ్‌మన్, షుగరున్న అకౌంటెంట్, గర్భిణిగా ఉన్న ఉద్యోగి ఉంటారు, జాగ్రత్తలు ఎక్కువగా అవసరమైంది వాళ్ళకే. టీకాల పని ఉన్న రోజుల్లో వేయించుకున్న రోజూ మర్నాడూ సెలవిస్తే ఒళ్ళునొప్పుల భయంతో వాయిదా వేసేవాళ్ళు తగ్గుతారు. 2021 ఏప్రిల్ 11 నుంచి పనిచేసే చోటే టీకాలు వేయడానికి అనుమతించారు, అలాంటి అవకాశం ఎప్పుడొచ్చినా వదులుకోవద్దు.

మొదట్లో అందరూ పాటించారు, ఇప్పుడు ఎంత అరిచినా వినట్లేదు. ఫైన్ వేయాలా?

వేయొద్దు. ఫైన్ వేస్తే సూపర్‌వైజర్ కనిపించినప్పుడే మాస్కు పైకి లాగుతారు, ఒంట్లో బాగోలేకపోయినా దాస్తారు. నెలల తరబడి మనిషి గుర్తుపెట్టుకుని చేయాల్సినవి ఏవైనా జారిపోతాయి, అది మనిషి స్వభావం. కాబట్టి గుర్తుపెట్టుకోనక్కర్లేని వాటి మీద ఎక్కువ ఆధారపడండి. లైటు వేస్తే ఎగ్జాస్ట్ కూడా తిరిగేలా ఒకే స్విచ్చుకు కలిపించండి. కిటికీలకు ఆపే కొక్కేలు పెట్టించండి, దోమల మెష్ వేయించండి, దోమల గోల లేకపోతే సాయంత్రం కూడా మూయరు. ఓనరు మాస్కు లేకుండా తిరిగితే మాత్రం ఎన్ని బోర్డులు రాసినా దండగ.

జాగ్రత్తలు ఎప్పుడు తగ్గించొచ్చు?

అన్నీ ఒకేసారి ఎత్తేయొద్దు. మీ జిల్లాలో కేసులు, ఆసుపత్రిలో చేరేవాళ్ళు కొన్ని వారాలుగా తగ్గుతూ ఉంటే ముందు ఆరుబయట మాస్కులు, తర్వాత గాలి బాగా ఆడే గదుల్లో, చివరగా కిటికీల్లేని గదుల్లో, క్యాబుల్లో తీసేయండి. ఏ తేదీ నుంచి ఏది తీసేస్తున్నామో బోర్డు మీద రాయండి, మళ్ళీ పెరిగితే ఏది తిరిగి పెడతామో కూడా అక్కడే రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించినప్పుడు కూడా వైరస్ పోయిందని అనలేదు.

కేసుల్లేని రోజుల్లో కూడా ఉంచాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరిచిన కిటికీలు, డాబా మీద భోజనాల బల్లలు ఉంచేయండి, అవి ఫ్లూకీ క్షయకీ కూడా పనికొస్తాయి. జ్వరం వచ్చిన మొదటి రెండు రోజుల జీతం కోయకూడదన్న కాగితాన్ని గోడమీదనుంచి చింపొద్దు. సబ్బు అయిపోకుండా చూసే బాధ్యత ఒకరి పేరున ఉండనివ్వండి. బీరువాలో ఒక డబ్బా ఎన్95లు, పనిచేసే ఆక్సిమీటరు పెట్టుకోండి, దాని బ్యాటరీలు తీసి విడిగా దాచండి, లోపలే ఉంచితే కారిపోయి మీటరు పాడవుతుంది. గేటు దగ్గర టెంపరేచర్ గన్ తీసేయొచ్చు.